డెట్టాల్ జాడీలో పన్నెండుమంది

నైజెల్ తలపెట్టింది చెడ్డపనేం కాదు, మంచిపనే. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాటింగ్‌హామ్‌లోని లెంటన్ చర్చి హాల్లో ప్రతి గురువారం బల్లల మీద యుద్ధాలు జరుగుతాయి. బొటనవేలంతేసి సీసపు బొమ్మల సైన్యాలు, పాచికలు, కొలత టేపులు, మధ్యమధ్య టీ. ముప్ఫై ఏళ్లుగా నైజెల్‌కి ఎదురుగా నిలిచే శత్రువు డెస్మండ్. బొమ్మలకు రంగులు వేయడంలో నైజెల్‌ని మించినవాడు ఆ హాల్లో లేడు. ఆవగింజంత కంట్లో మెరుపుచుక్క కూడా పెట్టగలడు. డెస్మండ్ దగ్గరున్న పన్నెండుమంది మరుగుజ్జు గొడ్డలివీరులున్నారే, వాళ్లని చూస్తే మాత్రం ఆయనకి ఒళ్లు మండేది. ముద్దపప్పులా మెత్తిన ఆకుపచ్చ రంగు, ఎక్కడపడితే అక్కడ కళ్లు!

మొదటిరోజే, "ఎవడ్రా వీటికి రంగేసింది? చీపురుతో వేశాడా?" అని అడిగాడు. డెస్మండ్ "నేనే" అని పాచికలు అందుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నైజెల్ ముప్ఫై ఏళ్లు వాణ్ణి ఏడిపించాడు. మనిషికి నోరు అదుపులో ఉండాలి. ఈయనకి ఏనాడూ లేదు.

వచ్చేవారం డెస్మండ్‌కి అరవై నిండుతాయి. అందరి బొమ్మలూ ఉండే హాలు బీరువా తాళాలు తన దగ్గరే ఉంటాయి గనక నైజెల్ ఆ పన్నెండుమందినీ గుట్టుగా ఇంటికి తెచ్చాడు. పాత రంగు వదలగొట్టి తన చేత్తో కొత్తగా వేసిస్తే వాడు మురిసిపోతాడనుకున్నాడు. డెట్టాల్‌లో నానితే పాత రంగు మెత్తబడి ఊడుతుంది గనక, అది పోసిన జాడీలో నానబెట్టి, మర్నాడు పాత పళ్లబ్రష్షుతో తోమాడు. మొండి రంగు, మామూలు రంగులా లేదు. రెండు బ్రష్షులు అరిగాక గానీ సీసం తేలలేదు.

ఆదివారం డెస్మండ్ భార్య గ్లెనిస్ ఫోన్ చేసి, మొగుడి పుట్టినరోజు విందుకి రమ్మని పిలిచింది. నైజెల్ నోట్లో నువ్వుగింజ నానదు కదా, బహుమతి సంగతి చెప్పేశాడు.

"నైజెల్, అవి వాళ్ల నాన్న వేసినవి," అంది గ్లెనిస్.

డెస్మండ్‌కి పద్నాలుగేళ్లప్పుడు జబ్బు చేసి చలికాలమంతా మంచం మీదే ఉన్నాడట. వాళ్ల నాన్న సైకిళ్ల ఫ్యాక్టరీలో ఫ్రేములకు రంగు వేసేవాడు. ఆ రంగే ఆవపిండి సీసాలో పోసి తెచ్చి, పిల్లాడి మంచం పక్కన కూర్చుని ఆ మొద్దువేళ్లతో ఒక్కో బొమ్మకీ వేశాడట. ఆ వసంతంలోనే ఆయన పోయాడట.

"మరి తనే వేశానన్నాడే?" అన్నాడు నైజెల్.

"నువ్వు నవ్వావుగా. కన్నతండ్రిని నవ్వులపాలు చేసుకుంటాడా?"

ఆ తర్వాత మూడు రోజులు నైజెల్ బల్ల దగ్గరే కూర్చున్నాడు. గుర్తున్నంత మేర పాత ముఖాలనే మళ్లీ వేసేద్దామని, వాడికి తెలియకుండా బీరువాలో పెట్టేద్దామని. చెయ్యి మాట వింటేనా! వంకరగా వేయబోతే తిన్నగా వచ్చింది. ఎడమచేత్తో వేస్తే ఎడమచేత్తో వేసినట్టే ఉంది. చివరికి అన్నీ మళ్లీ కడిగేసి, గుడ్ల అట్టపెట్టెలో సర్దుకుని డెస్మండ్ ఇంటికి నడిచాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం ఈ పూటతో సరి అనుకున్నాడు.

వంటింటి బల్ల మీద పెట్టె తెరిచి, చేసింది చెప్పాడు. బీరువాలో పెట్టేద్దామనుకున్నదీ దాచలేదు. డెస్మండ్ అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండునని నైజెల్‌కి అనిపించింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ముఖాలెలా ఉండేవో చెప్పు," అన్నాడు డెస్మండ్.

"నన్నడుగుతావేంట్రా? నీ బొమ్మలేగా."

"బొమ్మలు నావే. చిన్నప్పుడు చూసిన ముఖాలు ఎప్పుడో మసకబారాయి. బల్ల మీద పెడితే నీవైపు తిరిగేవి. నాకు కనిపించింది వీపులే. వెక్కిరించడానికైనా నువ్వే చూశావు, ముప్ఫై ఏళ్లు."

నైజెల్ మొదటిదాన్ని తీశాడు. వీడికి ఎడమకన్ను చెంప మీదికి జారిపోతే మీ నాన్న సరిచేయబోయి ఇంకోటి పెట్టాడు, మొత్తం మూడు కళ్లు అన్నాడు. రెండోవాడి గడ్డానికి వేసిన ఎర్రరంగు ముక్కు మీదికి పాకింది. మూడోవాడికి నోరు పెట్టడమే మర్చిపోయాడు. గ్లెనిస్ ఒక కాగితం తెచ్చుకుని రాయడం మొదలుపెట్టింది. ఆరోవాడి దగ్గర డెస్మండ్ నవ్వాడు, తొమ్మిదోవాడి దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. పదకొండు ముఖాలు పొల్లుపోకుండా వచ్చాయి.

పన్నెండోవాణ్ణి చేతిలో పెట్టుకుని నైజెల్ ఆగిపోయాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పినా పట్టుకునేవాళ్లు లేరు.

"వీడు నాకు తెలియదురా. ఎప్పుడూ వెనకవరుసలోనే పెట్టేవాడివి."

డెస్మండ్ ఆ బొమ్మని అందుకున్నాడు.

"ఆఖర్న వేసింది వీణ్ణే," అన్నాడు. "అప్పటికి నాన్న చెయ్యి వణకడం మొదలైంది. నీ కంట పడకూడదనే వెనక దాచేవాణ్ణి."