చివరిదాకా చూడని వీడియో

నా భయం ఒక్కటే. ఫోన్‌లో ఎవడో చెప్పిన మాట నమ్మి మా ఇంట్లోవాళ్ళు నా బిడ్డను పోగొట్టుకుంటారని, అప్పుడు కూడా నేను పక్కనే కూర్చుని గుడ్డలు ఉతుకుతూ ఉంటానని.

ఆ ఉదయం ఉతుకుతూనే ఉన్నాను. చిన్నికి భేదులు పట్టుకున్నప్పటి నుంచి కొళాయి దగ్గర నా పీట కదల్లేదు. ఏ గుడ్డ ఎంత నీళ్ళగా ఉందో, పిల్ల ఉచ్చ పోయడం ఎప్పుడు తగ్గిందో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన ఓబులేష్ బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్టుమెంటుకి సెక్యూరిటీ. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ ఫోన్‌తో గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమే, పిల్లకు పాలు నిలిపెయ్. వెంకటేశ్ వీడియో పంపినాడు."

వెంకటేశ్ నా మరిది. అత్తిబెలెలో ఒక కంపెనీలో పని. మా ఇంటి గ్రూపులో అతను పెట్టిన వీడియోలో తెల్లకోటు మనిషి ఒకడు కూర్చుని పక్కింటివాడిలా మాట్లాడుతున్నాడు. "ఏమ్మా, బిడ్డకు భేదులైతా ఉండాయా? పొట్టకు రెస్టు ఇయ్యల్ల. ఒక దినం పాలు, నీళ్ళు రెండూ నిలపల్ల." దాని కింద వాయిస్ మెసేజ్‌లో వెంకటేశ్ గొంతు: "అన్నా, మా పిల్లోనికీ ఇట్లే ఉండాది. మేమూ ఇదే చేస్తా ఉండాం."

మా అత్త పుల్లమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కదిరి నుంచి ఈ కన్నడ ఊరికి వచ్చాక ఆమెను బస్సులో, రేషన్ అంగడిలో, ఆస్పత్రిలో కన్నడంలో కసిరినవాళ్ళే తప్ప, మన యాసలో 'ఏమ్మా' అని పిలిచిన డాక్టరు లేడు. "మన తట్టు మనిషి శైలా. మన మాట మాట్లాడేవాడు మనకు చెడు చెప్తాడా?" అంది.

"పాలు నిలపకూడదని అంగన్‌వాడీ ఆమె చెప్పింది కదత్తా," అన్నాను.

"ఆయప్ప కోటు ఏసుకోని చెప్తా ఉండాడు," అన్నాడు ఓబులేష్. "నువ్వేం ఏసుకోని చెప్తా ఉండావు, నైటీనా? ఇరవై లక్షల మంది చూసినారు ఈ వీడియో. నీ మాట ఎంతమంది చూసినారు, తొమ్మిదో క్లాసు డాక్టరమ్మా?"

అత్త నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను, అలవాటు కొద్దీ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. తొమ్మిదితో నా చదువు ఆపి పెళ్ళి చేసినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. ఆపినవాళ్ళే దాన్ని ఎత్తి చూపుతారు.

అతను వెళ్ళాక అత్త చిన్నిని తన ఒళ్ళో పెట్టుకుని నన్ను దగ్గరికి రానివ్వలేదు. పిల్ల ఏడ్చినప్పుడల్లా నాకు రొమ్ములు సలిపేవి. పాలు కారి నైటీ తడిసేది. ఉతకాల్సిన గుడ్డల్లో అదొకటి చేరింది. మధ్యాహ్నానికి అత్త తన ఫోన్ నా చేతికిచ్చింది. "ఆయప్ప ఇంకేమన్నా చెప్పినాడేమో, మళ్ళా పెట్టు." ఆమెకు ఫోన్ నొక్కడం రాదు. ఆ పని కూడా నాదే.

ఈసారి నేను ఆపలేదు. ఉదయం మా ఆయన తనకు కావలసిన మాట దొరకగానే ఆపేశాడు. చివరిదాకా పోనిస్తే, ఆ మనిషి బల్ల కింది నుంచి ఒక పొడి డబ్బా తీసి, ఫోన్ చేస్తే ఇంటికే పంపుతానన్నాడు. అతని మిగతా వీడియోలు తెరిచాను. అదే కోటు, అదే కుర్చీ. ఒకదాంట్లో మోకాళ్ళ నొప్పులు, ఒకదాంట్లో షుగరు, ఒకదాంట్లో జుట్టు. అన్నిటికీ అదే డబ్బా. ఏ ఆస్పత్రో, ఎక్కడ చదివాడో, ఎక్కడా లేదు.

"చూడత్తా, పొడి అమ్ముకునేవాడు."

"అమ్ముకుంటే ఏమాయె? ఆస్పత్రోళ్ళు మందులు అమ్మరా?"

చిన్ని వైపు చూశాను. ఏడుపు ఆపేసి ఉంది. ఏడుస్తున్నంతసేపు లేని భయం అప్పుడు పుట్టింది. నోట్లో వేలు పెట్టి చూశాను. నాలుక పొడిగా ఉంది. అత్త ఒళ్ళోంచి పిల్లను లాక్కుని, నైటీ మీద చున్నీ వేసుకుని, ప్రభుత్వ ఆస్పత్రికి నడిచాను.

నర్సమ్మ పిల్ల పొట్ట మీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలింది. అది మెల్లగా వెనక్కి వెళ్ళింది, ఒంట్లో నీళ్ళు తగ్గితే అంతేనట. "హాలు యాకె నిల్లిసిదె?" అని అరిచింది, పాలు ఎందుకు ఆపావని. అందరూ చూస్తుండగా తిట్టింది. తిడుతూనే బెంచీ మీద కూర్చోబెట్టి పాలు పట్టించింది, ఓఆర్ఎస్ కలిపి చెంచాతో తాగించింది. డాక్టరు చూసి వెళ్ళాక, పిల్ల ఉచ్చ పోసేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. తీయగా మాట్లాడినవాడికి నా బిడ్డ ఉందనే తెలియదు. ఈమె కసిరింది, కానీ పొట్ట పట్టి చూసింది. ఇంత చిన్న తేడా మాకు ఎందుకు కనపడలేదు?

ఇంటికి వచ్చేసరికి ఓబులేష్ ఉన్నాడు. "ఎవర్ని అడిగి పోయినావు?"

"పిల్ల నాలుకను అడిగి పోయినా."

అతను ఇంకా ఏదో అంటున్నాడు. నాకు వెంకటేశ్ గొంతు గుర్తొచ్చింది. మేమూ ఇదే చేస్తా ఉండాం. "నీ తమ్మునికి ఫోన్ చెయ్యి. పాలు నిలపొద్దని చెప్పు," అన్నాను.

"డ్యూటీలో ఉంటాడు, ఎత్తడు. వాని పెండ్లాం స్వప్నకు ఫోన్ లేదు. వాళ్ళింటి విషయం నీకెందుకు?"

చిన్నిని చున్నీతో కట్టుకుని అత్తిబెలె బస్సెక్కాను. అతను బస్టాపు దాకా తిడుతూ వచ్చి, ఆగిపోయాడు.

స్వప్న తలుపు తీసింది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది. చేతుల్లో బిడ్డ ఏడుస్తున్నాడు, కంట్లో చుక్క నీరు లేదు. "అక్కా, ఆయన వచ్చేదాకా ఇయ్యొద్దన్నాడు," అంది.

"ఇయ్యి," అన్నాను. వాడు నోరు పెట్టగానే ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆటోలోనే వాడి కళ్ళు మూతలు పడ్డాయి. రెండు సెలైన్ సీసాలు ఎక్కించాక వాడు కళ్ళు తెరిచాడు.

గ్రూపులో ఆ వీడియో ఇప్పటికీ ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు. మీ ఇంటి గ్రూపుకీ ఇలాంటిదొకటి వచ్చే ఉంటుంది. పంపినవాడితో వాదన తర్వాత పెట్టుకోండి. ముందు అతని ఇంట్లో బిడ్డకు పాలిచ్చే మనిషి ఎవరో గుర్తు చేసుకోండి. ఆమె చేతిలో ఫోన్ ఉండకపోవచ్చు. వెళ్ళి తలుపు తట్టండి.