ఏడాదిలోపే ఎక్కిన గుట్ట

కాశయ్య కుర్చీలో కూర్చున్నాడంటే తీర్పు చెప్పడానికే. ఉత్తగా పలకరించడానికి వస్తే గడప దగ్గరే నిలబడి పోతాడు. ఆ ఆదివారం పొద్దున సిద్దిపేటలోని తమ్ముడి ఇంటికి వచ్చి, ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకుని మరీ కూర్చోవడంతో, మరదలు విమలమ్మకు సంగతి అర్థమైపోయింది.

"ఏడాది తిరగకముందు గుట్ట ఎక్కుడేందిరా సోమశేఖరా? మీ బాపు పొయ్యి నాలుగు నెలలు గూడ గాలె. గుడి గడప తొక్కద్దు, గుట్ట ఎక్కద్దు. గిది చిన్న పోరలకు గూడ ఎరుకే. టికెట్లు వాపస్ చెయ్యి."

విమలమ్మ కొడుకు సోమశేఖర్‌కు నలభై ఏళ్లు. బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడుపుతాడు. దుకాణంలో పులి, పెద్దబాపు ముందు పిల్లి. "మీరు చెప్పినట్లే పెద్దబాపు" అన్నాడు. అతని భార్య మనీష వంటింట్లోకి పోయింది. ఇంటర్ చదివే కూతురు శ్రీనిధి ఫోను బోర్లా పెట్టి నానమ్మ వైపు చూసింది. అంతే, తీర్పు ఖాయమైపోయింది. ఆ కొండకు పోదామని మొదట అన్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మనిషి విమలమ్మే.

మూడేళ్ల కిందట విమలమ్మ, ఆమె భర్త లింగమూర్తి హైదరాబాదు దవాఖానకు ఇద్దరే పోయి వచ్చారు. "షుగరంట, నడువుమన్నడు" అని లింగమూర్తి ఇంట్లో చెప్పాడు. డాక్టరు అన్న మాట వేరే ఉంది. అది ఎవరికీ చెప్పొద్దని వచ్చేటప్పుడు బస్సులోనే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయినా ఆ ఒట్టు ఆమె దాటలేదు.

మర్నాటి నుంచీ కోమటి చెరువు కట్ట మీద నడక మొదలైంది. మొదటి వారం కట్ట సగం కూడా కాకముందే ఆయన బెంచీ వెతుక్కునేవాడు. విమలమ్మ ఊరుకునే రకమా! "లేవుండ్రి, బెంచీ మీద కూసుంటె నడిచినట్టయితదా?" అని చెయ్యి పట్టి లేపేది. జేబులో చింతగింజలు వేసుకుని, కట్ట ఆ కొసకు పోయి వచ్చినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చడం ఆయన అలవాటు. ఒక గింజ రెండయింది, రెండు ఐదయ్యాయి.

ఒకరోజు శ్రీనిధి ఫోనులో ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ చూపించింది. నెత్తి మీద మంచు, నడుము చుట్టూ అడవి. "పైదాంక అయితే కష్టం గని, మొదటి మజిలీ దాంక మనసొంటోళ్లు గూడ పోవచ్చు నానమ్మా" అంది. "పోదమా?" అంది విమలమ్మ నవ్వులాటకు. "పోదం పా" అన్నాడు లింగమూర్తి, నవ్వకుండా. దసరా సెలవులకు ఇంటిల్లిపాదికీ టికెట్లు తీసుకున్నారు. ఉగాది పోయిన పదో రోజు, దుకాణంలో ఇత్తడి బిందె తూకం వేస్తూ ఆయన కుర్చీలోకి ఒరిగిపోయాడు. మళ్లీ లేవలేదు.

దినాలకు వచ్చిన నలుగురి ముందూ కాశయ్య భార్య అమృతమ్మ ఒక మాట అంది. "ఈ వయసుల పొద్దుగాల పొద్దుగాల ఉరికిచ్చి ఉరికిచ్చి మనిషి పానం దీసింది." ఆ మాట విమలమ్మకు ముల్లులా దిగింది. అప్పటి నుంచి చెరువు వైపు పోలేదు. నడక బూట్లు మంచం కిందికి తోసేసింది. నేనే నడిపించి చంపుకున్నానా అని తనను తానే అడుగుతూ ఇన్నాళ్లూ గడిపింది. ఇప్పుడు టికెట్లు వాపస్ ఇస్తే, అవును, నేనే చంపుకున్నానని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టే.

"నేను పోత" అంది విమలమ్మ.

"ఏందీ?" అన్నాడు కాశయ్య.

"కొండకు నేను పోత బావా. అదేం దేవుని గుట్ట గాదు. గుడి లేదు, గంట లేదు, పూజారి లేడు. మైల వడనీకె ఆడ ఏమున్నది?"

"గుట్టంటె గుట్టనే!"

"అట్లనా? మరి అత్త పోయిన ఐదో నెలల మీ బిడ్డ లగ్గం జేసిన్రు. అప్పుడు ఏడాది యాడికి వొయ్యింది?"

అత్త ఐలవ్వ పోయినప్పుడు, మంచి సంబంధం చేజారిపోతుందని, ఏడాదికి చేయాల్సిన కర్మను ఐదో నెలలోనే ముగించి కాశయ్య ఇంటికి తోరణాలు కట్టారు. అవసరం పడితే అలా ఏడాదిని ముందే తీసేయడం ఉన్నదే. ఆ సంగతి కాశయ్య మరిచిపోయాడు. మరిచిపోవడం పెద్దమనుషులకు చెల్లుతుంది. కండువా దులుపుకుని, చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు.

మూడో రోజు అమృతమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది.

"అయ్యగారిని అడిగొచ్చిన. తమ్ముని ఏడాది గూడ ఐదో నెలల్నే తీసేద్దం. ఆనంక యాడికన్న పోండ్రి. సరేనా?"

పాము చావలేదు, కర్ర విరగలేదు. సోమశేఖర్ హమ్మయ్య అనుకున్నాడు. మనీష చాయ్ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది.

"వద్దు" అంది విమలమ్మ.

అమృతమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేందే! నువ్వడిగిందే గద!"

"నేనడగలే అక్కా, గుర్తు జేసిన. ఆయినె ఏడాదిని నేను కోయ్య. నలభై రెండేండ్లు నాతోని బతికిన మనిషికి ఒక్క ఏడాది నిండుగ ఇయ్యలేనా? గుడికి పోను, పండుగ జెయ్య, కొత్త చీర కట్ట, ఎవల లగ్గానికీ రాను. కొండకు మాత్రం పోత. ఏడాదిల్నే పోత."

"రెండూ ఎట్ల కుదురుతయే?"

"ఎందుకు కుదరయి? తప్పు జేసినోళ్లు గద తప్పించుకునే తొవ్వ దేవులాడేది? నేనేం తప్పు జేసిన? ఆయినెతోని నడిచిన."

"ఆ నడకనే గద మా మరిదిని దిన్నది" అనేసింది అమృతమ్మ.

దాంతో మూడేళ్ల ఒట్టు పుటుక్కున తెగిపోయింది. విమలమ్మ లేచి నిలబడింది.

"షుగర్ గాదు అక్కా. ఆ దినం డాక్టరు ఏమన్నడో ఎరుకనా? గుండె సగమే పనిజేస్తుంది, మంచం వట్టుకుంటె ఏడాది గూడ కష్టం, మెల్లమెల్లగ నడువుండ్రి అన్నడు. ఇంట్ల చెప్తె అన్న నన్ను మంచం దిగనియ్యడని మీ మరిదే నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. ఏడాదన్న మనిషి మూడేండ్లు బతికిండు. మొదటి మజిలీ దాంక పోవచ్చని పోయిన చలికాలం ఆ డాక్టరే అన్నడు. ఆ రెండేండ్లు ఎవలు దెచ్చిన్రు? పొద్దుగాల ఐదు గొట్టంగ చెయ్యి వట్టి గుంజి గుంజి నేను దెచ్చిన! నేను సంపలే. నేను నిలవెట్టుకున్న!"

సోమశేఖర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాక్కూడ చెప్పలేదా అమ్మా" అన్నాడు. అమృతమ్మ తల దించుకుంది.

కాశయ్య ముఖం నల్లబడింది. చిన్నప్పుడు జ్వరం వస్తే తన పక్కలోనే పడుకున్న తమ్ముడు, చావు సంగతి తన దగ్గరే దాచాడు. ఆ బాధ బయటికి చెప్పుకోలేక కోపం తెచ్చుకున్నాడు. "ఏడాదిల గుట్ట ఎక్కినోళ్లు నా గడప తొక్కద్దు" అని లేచాడు.

"తొక్కను బావా" అంది విమలమ్మ.

మర్నాడు పొద్దున ఐదింటికి మంచం కింది నుంచి బూట్లు తీసి, దుమ్ము దులిపి తొడుక్కుంది. ఆయన చింతగింజలు ఐదూ కొంగున ముడి వేసుకుంది. చెరువు కట్ట మీద తెలిసినవాళ్లు ఆగి చూశారు. మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు, చీర కింద తెల్ల బూట్లు చూడమన్నారు. చూసుకోనీ అనుకుంది. రెండో రోజు శ్రీనిధి వెంట వచ్చింది. వారం తిరిగేసరికి మనీష, ఆమె వెనక ఆయాసపడుతూ సోమశేఖర్. "పెద్దబాపు ఫోను ఎత్తుతలేడు. అట్లని నిన్నొక్కదాన్ని పంపుతనా?" అన్నాడు.

దసరా సెలవుల్లో నలుగురూ విమానం ఎక్కారు. కొండ మొదట్లోనే వాన ఎదురొచ్చింది. చెట్ల నిండా నాచు గడ్డాల్లా వేలాడుతోంది, కొమ్మల మీది కోతులు వీళ్లను వింతగా చూస్తున్నాయి. గంటకే సోమశేఖర్ ఒక రాయి చూసుకుని కూలబడ్డాడు. "లేరా, రాయి మీద కూసుంటె కొండ నీ కాడికొస్తదా?" అంది తల్లి. దారి చూపే జోసెఫ్‌కు మాట అర్థం కాకపోయినా నవ్వాడు. సాయంత్రానికి కట్టె ఇళ్ల మజిలీ చేరారు. అనుకున్నది అక్కడికే. కానీ తెల్లారి విమలమ్మ చెట్లు ఎక్కడ ఆగిపోతాయో చూస్తానంది. జోసెఫ్ ఇంకో అరగంట నడక అన్నాడు. సరే పా అంది.

చెట్లు ఆగిపోయాయి. గాలి చెవుల్లో హోరుమంది. దూరంగా మబ్బు పక్కకు జరిగి మంచు కనిపించింది. విమలమ్మ కొంగు ముడి విప్పి, ఐదు గింజలూ కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుని, బోరున ఏడ్చింది. దినాల్లో కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఏడిస్తే నేరం ఒప్పుకున్నట్టుంటుందని బిగబట్టుకుంది. ఇప్పుడు ఆ భయం లేదు. కడుపారా ఏడ్చి, ముఖం తుడుచుకుని, ఆకలైతుంది దిగుదాం పదమంది.

తిరిగి వచ్చిన మర్నాడు చెరువు కట్ట నుంచి ఇంటికి పోలేదు. రెండు గల్లీలు దాటి కాశయ్య ఉండే పాత ఇంటి ముందుకు పోయింది. బూట్లకు ఆ కొండ మట్టి ఇంకా వదల్లేదు. అరుగు మీద కూర్చుని లోపలికి వినబడేలా పిలిచింది.

"బావా! ఎక్కొచ్చిన. మీ గడప తొక్కద్దన్నరు, తొక్కలే. అరుగు మా అత్త కట్టిచ్చింది, దాని మీద కూసున్న."

అమృతమ్మ వచ్చి చూసి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, గడప మీదుగా అందించింది. కళ్లలోకి చూడలేక గిర్రున తిరిగి పోయింది. లోపల కాశయ్య పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఎంతసేపటికీ పేజీ తిరగలేదు.

"విమలా" అన్నాడు చివరికి. "వాడుంటె ఎక్కుతుండెనా?"

"నాకంటె ముందుగాల ఎక్కుతుండె. ఎక్కి, ఎనుకకు మల్లి చూసి, జల్ది రావేందని నన్నే తిడుతుండె."

పేపరు కిందికి దిగింది. డెబ్బై ఏళ్ల మనిషి కండువాతో కళ్లు ఒత్తుకోవడం చూడనట్టే ఉండిపోయింది విమలమ్మ. లోపలికి మాత్రం పోలేదు. గడప తొక్కనన్న మాట మీదే నిలబడింది. కాశయ్యే మోకాలు పట్టుకుని లేచి, గడప దాటి బయటికి వచ్చి, అరుగు ఆ చివర కూర్చున్నాడు.