అడవి ఆముదం

సర్కారు ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం సిద్ధయ్య. ఇరవై ఏళ్ల కిందట అధికారులు కుకునూరుపల్లికి వచ్చి, అడవి ఆముదం గింజల నుంచి డీజిల్ తీస్తామని చెప్పగానే ఎకరం చెలకలో అదే నాటాడు. గింజలు కొనడానికి ఒక్కడూ రాలేదు. విషపు గింజ, మేకలు కూడా మూతి పెట్టవు. ఊరంతా నవ్వింది. అయినా మొండివాడు ఏటా గింజలేరి గానుగ ఆడించి, ఆ నూనె ఇంట్లో దాచుకునేవాడు.

ఇప్పుడు భార్య పోచవ్వ ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి నడుపుతోంది. డీజిల్‌లో నూటికి ఐదు పాళ్లు బయోడీజిల్ కలపాలని సర్కారు అనుకుందట. దానికోసమేనంటూ దత్తాత్రి అనేవాడు బండ్ల దగ్గర మాడిన నూనె పోగుచేసుకుపోతాడు. ఈ సంగతి వినగానే సిద్ధయ్యకు ప్రాణం లేచివచ్చింది. తన నూనె తెచ్చి, దత్తాత్రి కోసం పోచవ్వ మాడిన నూనె పోసిపెట్టిన డబ్బాలో కుమ్మరించాడు.

"గిదేంది?" అంది పోచవ్వ.

"గిది గూడ మోటార్లకే గదనే. నవ్విన నాపచేనే పండుతది, సూడు!"

నాలుగోరోజు పొద్దున పక్కింటి స్వరాజ్యం కూతురు, ఆరేళ్ల రమ్య, చౌరస్తా హోటల్‌లో పూరీ తిని వాంతులతో పడిపోయింది. మరో పదిమందిదీ అదే గతి. సిద్ధయ్యే ఆటో మాట్లాడి తల్లీబిడ్డలను సిద్దిపేట దవాఖానకు చేర్చాడు. మధ్యాహ్నానికి అసలు కథ తెలిసింది. దొంగ దత్తాత్రి ఆ నూనెను బయోడీజిల్‌కు పంపనే లేదు, వడగట్టి ఆ హోటల్‌కే అమ్ముకున్నాడు.

సిద్ధయ్యకు తను నూనె కుమ్మరించిన డబ్బా గుర్తొచ్చింది. అప్పుడే డాక్టర్ వార్డులోకి వచ్చాడు. "నూనెల ఏం కలిసిందో ఎవరికన్న ఎరుకుంటే చెప్పుండ్రి. వైద్యం ఎట్ల చెయ్యాల్నో తెలుస్తది."

సిద్ధయ్య లేవబోతే, వెంట వచ్చిన పోచవ్వ చెయ్యి పట్టి గుంజింది. "జైల్ల ఏస్తరు. ఊకో" అంది చెవిలో. అతను కూర్చుండిపోయాడు. జైలుకన్నా ఎక్కువ స్వరాజ్యం ముఖానికే భయపడ్డాడు.

మర్నాడు పొద్దున రమ్య కళ్లు తేలవేసింది. నర్సులు పరుగెత్తడం చూసి సిద్ధయ్య ఆగలేక డాక్టర్ గదికి పోయి, చేతులు జోడించి అంతా చెప్పాడు. డాక్టర్ తల పట్టుకున్నాడు.

"నిన్న అడిగినప్పుడు ఏడున్నవయ్యా?"

సిద్ధయ్య తిరిగి వచ్చేసరికి పిల్ల ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. స్వరాజ్యం పరుగున వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.

"నిన్నటిసంది మంచినీళ్లు గూడ ముట్టక నా బిడ్డకాడనే ఉంటివి సిద్ధన్నా. తోడవుట్టినోడు గూడ గింత చెయ్యడు. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

సిద్ధయ్య ఆ చేతులు విడిపించుకున్నాడు.

"ఆ ఇసం నాదే చెల్లె" అన్నాడు.