చక్రం తిప్పే ముందు

"ఎవరైనా ఉన్నారా?"

సుందర్‌రాజ్ చక్రం మీద చెయ్యి వేసి పిలిచాడు. గ్లాస్గోలోని ఆ యూనివర్సిటీ లైబ్రరీ బేస్‌మెంట్‌లో పుస్తకాల బీరువాలు పట్టాల మీద నడుస్తాయి. చక్రం తిప్పితే అవి జరిగి, వరస మొత్తానికి ఒక్క సందే తెరుచుకుంటుంది. లోపల మనిషుండగా చక్రం తిప్పితే నలిగిపోవడమే. అందుకే పిలవకుండా తిప్పకూడదన్నది అక్కడి నియమం. అందరూ ఇంగ్లిష్‌లో పిలుస్తారు, అతను మాత్రం తెలుగులో పిలుస్తాడు. బదులిచ్చేవాళ్లే లేనప్పుడు ఏ భాషైతేనేం?

ఆ బేస్‌మెంట్‌లో పుస్తకాలు సర్దే బక్కపలచని మనిషి. పాత తోలు అట్టల పొడి గోళ్లలో ఎర్రగా పట్టేసి ఎంత కడిగినా పోదు. భార్య జ్ఞానకుమారి నర్సు ఉద్యోగం వెంట నర్సాపురం నుంచి వచ్చాడు. అక్కడా ఇక్కడి చర్చిలోనూ అతన్ని 'నర్సమ్మ మొగుడు' అనే అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. దానికతను ఏనాడూ నొచ్చుకోలేదు.

ఆ నవంబర్ ఉదయం మాత్రం బదులొచ్చింది.

"ఉన్నానయ్యా, తిప్పకు."

నిర్మలాదేవి. బందరు ఆవిడ, రిటైరైన హిస్టరీ లెక్చరర్. అమెరికా ఇంకా ఇంగ్లిష్ వాళ్ల వలసగా ఉన్న తొలిరోజుల మీద పరిశోధన. పాత జర్నల్స్ కోసం తలుపులు తీయగానే దిగుతుంది.

"సాయంత్రం వ్యాన్ వస్తుందమ్మా. అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించేశారంట. ఇవి కాయితం గుజ్జుకి పోతాయి."

"ఎక్కించిన దాంట్లో పేజీల కింది లైన్లు తెగిపోయాయి సుందర్‌రాజూ. మన తీరం నుంచి ఓడలో పట్టుకుపోయి వర్జీనియాలో పనికి పెట్టారు ఒకణ్ణి. కాయితాల్లో 'ఈస్ట్ ఇండియన్' అని రాసి ఊరుకున్నారు. వాడికో పేరుండదూ? ఇవాళొక్కరోజు నన్ను కదిలించకు."

ఆమె కదలకపోతే ఆ వరసలో ఇంకే సందూ తెరవడానికి లేదు. అయినా సరేనన్నాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ మొరాగ్ ఫోన్ చేసి, వరస ఖాళీ అయిందా అని అడిగింది. అవుతోందని అబద్ధమాడాడు. మళ్లీ వెళ్లి పిలిచాడు.

"అమ్మా, ఉన్నారా?"

"ఉన్నా."

గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందనుకున్నాడు. పెద్దావిడ ఒంటరిగా చదువుకుంటుంటే లోపలికి తొంగిచూడటం మర్యాద కాదని వెనక్కి తిరిగాడు. ఆ సందులోంచి చలిగాలి వచ్చి కాళ్లకు తగిలింది. అందులో సముద్రపు వాసన ఉంది. పైపు ఏదో కారుతోందనుకున్నాడు.

మూడోసారి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. ఇక లేపక తప్పదు.

"పేరు దొరికిందా అమ్మా?"



"తిరుపతయ్య," అంది గొంతు, ఎన్నాళ్లుగానో నోట్లో ఆడని మాటను కూడబలుక్కుంటున్నట్టు. "మాది బందరు రేవు."

సుందర్‌రాజ్‌కు సంతోషం పట్టలేదు. తన సొంత చుట్టం దొరికినట్టే అనిపించింది. "ఎంత మంచి మాట చెప్పారమ్మా," అన్నాడు. ఆ సంబరంలో, 'వాడిది' అనకుండా 'మాది' అన్న మాట అతని చెవికెక్కలేదు.

వ్యాన్ వచ్చాక లోపలికి వెళ్లాడు. నిర్మలాదేవి కుర్చీలో, బీరువాకు తల ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లో జర్నల్ తెరిచి ఉంది. చెయ్యి పట్టుకుంటే రాయిలా చల్లగా తగిలింది.

అంబులెన్స్‌లో వచ్చినామె మోకాళ్ల మీద కూర్చుని చూసి, గొంతు తగ్గించి చెప్పింది. పొద్దున్నే పోయారట. ఒళ్లంతా బిగుసుకుపోయిందట. మధ్యాహ్నానికి బతికుండే అవకాశమే లేదట.

సుందర్‌రాజ్ కిందపడిన జర్నల్ తీసి, తెరిచి ఉన్న పేజీ వేలు పెట్టి చదివాడు. జాన్ ఉన్నాడు, విలియం ఉన్నాడు, పేరు లేని ఈస్ట్ ఇండియన్ ఉన్నాడు. తిరుపతయ్య ఎక్కడా లేడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే జ్ఞానకుమారి కూడా ప్రార్థన చేసుకుని పడుకోమంటుంది. భయం కన్నా దుఃఖం ఎక్కువైంది. ఆవిడ అంతగా వెతికిన పేరు ఆవిడ విన్నదో లేదో తెలియదు. ఇప్పుడది తెలిసింది తనొక్కడికే.

ఆమెను తీసుకెళ్లాక సందులో రెండు కుర్చీలు మిగిలాయి. ఆమె కూర్చున్నదానికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా లాగిన రెండో కుర్చీలో లోతుగా అణిగి ఉన్న కుషన్, అతను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది.