కూర్చునే పని

"ఆఫీసులో కూర్చునేదే కదా, అమ్మకు ఆస్పత్రి టోకెన్ తీసేయి."

పొద్దున నాజ్నీన్ చెప్పులు వేసుకుంటాంటే మొగుడు రఫీక్ అన్నాడు. ఆమెకు ఈ మాట కొత్తేం కాదు. ధర్మవరంలో పట్టుచీరల హోల్‌సేల్ ఆఫీసులో ఆమె కంప్యూటర్ ముందర కూర్చుంటుంది, ఇంట్లోవాళ్ళకు ఆ కూర్చోవడం ఒక్కటే కనబడుతుంది. తన ఫోను కూతురి చదువుకని ఇంట్లోనే వదిలేసి వస్తుంది కాబట్టి కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, బడి ఫీజు, మొగుడి బండి ఇన్సూరెన్సు అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోనే తెరవాల. ఆ మహానుభావుడికీ ఫోనుంది. ఖాళీ దొరికితే రమ్మీ ఆడతాడు గానీ బిల్లు కట్టమంటే వేళ్ళు నొప్పి.

అత్త షంషాద్‌బీ కాలు వాచి దద్దుర్లు లేచినాయి. ఆస్పత్రివాళ్ళు అడిగినారని కూతురు ఫోటో తీసి పంపింది. నాజ్నీన్ ఒకపక్క కొత్త చీరల ఫోటోలు షాపులవాళ్ళ గ్రూపులో పెడతానే, ఇంకోపక్క ఆ ఫోటో ఆస్పత్రికి పంపబోయింది. హడావిడిలో అత్త కాలు పోయి చీరల మధ్యలో పడింది. పెనుకొండ షాపు ఓబుళప్ప క్షణంలో జవాబు పెట్టినాడు, ఈ డిజైను మాకొద్దు మేడం అని. ఆమె తుడిపేసేలోపల ఊరూరి షాపులవాళ్ళూ నవ్వినారు.

మేనేజరు శ్రీనివాసులు ఆమె కుర్చీ వెనకాల నిలబడి, తెరిచి ఉన్నవన్నీ గట్టిగా చదివినాడు. గ్యాసంట, బడంట, ఆస్పత్రంట. నెట్ ఇచ్చింది వ్యాపారానికమ్మా, నీ కాలక్షేపానికి కాదు అన్నాడు. పక్క సీటు ఆనంద్ బల్ల కింద ఫోనులో క్రికెట్ చూస్తానే అవునవునని తలూపినాడు.

"హిందూపురం కొత్త బ్రాంచి నీ చేతికిద్దామనుకున్యాం. ఇట్లయితే ఆనంద్‌కు ఇయ్యాల్సొస్తాది. పోతావా లేదా సాయంత్రంలోపల చెప్పు."

ఆ సంగతి ఇదివరకే ఇంట్లో ఎత్తితే, నువ్వు పోతే ఈడ ఎవరు చూసుకుంటారు అన్నాడు రఫీక్. అందుకే ఆమె ఇన్నాళ్ళూ నానుస్తా వచ్చింది.

ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కాలక్షేపమంట! ఈ కుర్చీలో కూర్చుని ఎప్పుడన్నా ఒక పాట విన్నానా, ఒక వంట వీడియో అన్నా చూసినానా? ఇంటివాళ్ళేమో ఆఫీసులో ఊరికే కూర్చుంటానంటారు. ఈడనేమో ఇంటి చాకిరీని సరదా అంటారు. మరి నేను పని చేసేది యాడ? ఆనంద్ ఫోనులో ఎవరో సిక్సు కొట్టినట్టుంది, నవ్వుకుంటున్నాడు.

అన్నం తినే వేళకు కంప్యూటర్‌లో రఫీక్ మెసేజ్ వచ్చింది. టోకెన్ తీసినావా, కరెంటు బిల్లుకు ఈరోజే ఆఖరు. జరిగిన అవమానమంతా రాయబోయి చెరిపేసింది. పాస్‌వర్డ్‌లన్నీ పంపి, ఇంక నువ్వే చూసుకో అని రాసింది. వెంటనే ఆఫీసు ఫోను మోగింది.

"అవన్నీ నాకు రావు కదా!"

"నాకూ పుట్టుకతో రాలేదు. నేర్చుకున్యా. రమ్మీ వచ్చినోడివి, ఇదీ వస్తాది."

ఫోను పెట్టేసినాక షంషాద్‌బీ వాచిన కాలు గుర్తొచ్చి మనసు పీకింది. పాపం, ముసలామె ఏం చేసింది? ఆ టోకెన్ ఒక్కటి తీసేద్దామని చెయ్యి మౌసు మీదికి పోయింది. ఆయమ్మకు కొడుకున్నాడు, అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

గ్యాసు మూసింది. బడి మూసింది. ఆస్పత్రి మూసేటప్పుడు మాత్రం కొంచెంసేపు ఆగింది. తెర మీద ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్ళలో తనకోసం ఏదీ వెతుక్కోలేదు, ఏం వెతకాలో కూడా తోచలేదు. కాసేపటికి మెల్లగా టైపు చేసింది.

వెనకనుంచి శ్రీనివాసులు గొంతు వినిపించింది. "మళ్ళా ఏం చూస్తాండావమ్మా?"

ఆమె తెరను ఆయనవైపు తిప్పింది.

"పొద్దున హిందూపురానికి మొదటి రైలు ఎన్నింటికో చూస్తాండా సార్."