అర్వో కన్ను ఆనిన చోటు

జింకల వేట మొదలయ్యేందుకు ఇంకా తొమ్మిది రోజులుందనగా, మా ఆయన అర్వో రైఫిల్ తీసుకుని టౌనో తుపాకుల కొట్టుకి వెళ్ళాను. ఆయన మే నెలలో పోయారు. ఆయన లేకుండా అడవికి వెళ్ళడం నాకిదే మొదటిసారి. రైఫిల్ మీద ఉన్న, గురి చూసే పాత స్కోపు లోపల ఆవిరి పట్టింది. అందులోంచి చూస్తే లోకమంతా పాలు ఒలికినట్టుంది.

టౌనో మోచెయ్యంత పొడుగున్న స్కోపు తీశాడు. "ఇది చూడు హిల్యా. మైలు దూరంలో ఈగ కాళ్ళు లెక్కపెట్టొచ్చు."

"మన చిత్తడడవిలో ఎనభై గజాలు దాటితే అన్నీ దేవదారు కొమ్మలే. దీంతో ఏం చూడమంటావ్, మీ వంటిల్లా?"

"చూడకు, ఏడుస్తావ్. మా ఆవిడ ఊళ్ళో లేదు."

చివరికి ఒక చిన్నది తీసుకున్నాను. మరీ దగ్గర చేసి చూపించదు గాని, పొద్దువాలే వేళ ఉన్న కాస్త వెలుతురునూ బాగా పట్టుకుంటుంది.

టౌనో పాతది విప్పబోతుంటే ఆపాను. "కొత్తది సరిగ్గా ఇదున్న చోటే పెట్టు."

"అర్వో మెడా నీ మెడా ఒకటేనా? వాడిది కొంగ మెడ."

"పెట్టవయ్యా, చెప్తుంటే."

స్కోపుకీ కంటికీ మధ్య దూరం తప్పితే చుట్టూ నలుపు కమ్ముతుందని నాకు తెలుసు. స్కోపుల గురించి టౌనో ఇదివరకే ఇచ్చిన పుస్తకం మూడుసార్లు చదివాను. అయినా ఆయన కన్ను ఆనిన చోటే నా కన్నూ ఆనించాలని నాకు. ఆయనకి అంత దగ్గరగా వెళ్ళే దారి ఇంకేదీ మిగల్లేదు.

స్కోపుని రింగుల్లో వదులుగా ఉంచి, టౌనో రైఫిల్ నా చేతికిచ్చాడు. మెడ ముందుకి సాచి చూశాను. "సరిపోయింది."

"అలా కాదు. కళ్ళు మూసుకుని భుజానికి ఆనించు. చెంప ఎక్కడ పడుతుందో అక్కడే పడనీ. ఇప్పుడు తెరువు."

నెలవంకంత వెలుతురు కనబడింది. మిగతాదంతా నలుపు.

అతను స్కోపుని కాస్త నా వైపు జరిపాడు. "ఇప్పుడు?"

"చాలు."

"నిండుగా ఉందా?"

"ఉంది."

"అయితే బయట ఆ పడవల కొట్టం తలుపు మీద అంకె చెప్పు."

అంకె ఉండాల్సిన చోట నలుపే కనబడింది.

"నీ మీద కోపంతో అనడం లేదు హిల్యా. మెడ సాచి కాలిస్తే గురి తప్పుతుంది. కడుపులో తూటాతో జింక చిత్తడిలోకి పోతుంది. చావడానికి రెండు రోజులు పడుతుంది దానికి."

నలభై ఒక్క ఏళ్ళలో అర్వో ఒక్కసారే అలా కొట్టారు. ఆ జింక దొరికేదాకా ఇంటికి రాలేదు. వచ్చాక కాఫీ కూడా ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ కళ్ళు మూసుకుని, చెంపని పడ్డ చోటే ఉంచి, తెరిచాను. "ఇటు జరుపు," అన్నాను. "ఇంకా."

స్కోపు నా వైపు వచ్చిన కొద్దీ ఆయన నా నుంచి జరిగిపోతున్నట్టుంది. నలుపు అంచులకి పోయి, అక్కడా లేకుండా పోయింది.

"పదిహేడు," అన్నాను.

టౌనో మరలన్నీ ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాడు. "ఇప్పుడిది నీ రైఫిల్."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. డబ్బా సర్దడానికి అతను అటు తిరగ్గానే, ఆయన కన్ను ఆనిన చోటికి మెడ సాచి ఒక్కసారి చూశాను. చుట్టూ నల్లబడింది.