ఎండుగంటలు

"ఈసారి నోటీసు మా అమ్మాయి రాయకపోతే ఎలా బాబాయ్?"

పక్కదుప్పటికి మాసిక వేస్తూ, తల ఎత్తకుండానే అందామె. నోటీసు ఇంకా రానేలేదు.

"రాయకపోతే ఇంకోళ్లు రాస్తారు. ఎవరు రాసినా నీళ్లు ఆగేవి ఆగుతాయి," అన్నాడు ఇస్త్రీ బాబాయి. "నువ్వు మాత్రం వాన రాకముందే తడిసిపోతావు."

అది ఆసుపత్రి కింద, నేలకు దిగువన ఉన్న లాండ్రీ గది. ఒక పక్క నానబెట్టే తొట్లు, మధ్యలో బాబాయి ఇస్త్రీ బల్ల, ఈ చివర ఆమె కుట్టుమిషను. పైకప్పును ఆనుకొని ఒక సన్నటి కిటికీ ఉంది. అందులోంచి రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ కిటికీ కిందే కూర్చుని చిరిగిన దుప్పట్లు బాగుచేస్తోంది. మిషను ప్లగ్గు పీకి, సగం మెట్లెక్కి, పీకానో లేదో అని మళ్లీ దిగి వచ్చే మనిషి కాబట్టి లాండ్రీలో అందరూ ఆమెను ముందుజాగ్రత్త అంటారు. "ముందుజాగ్రత్త అన్నం తిన్నదా?" అని అడుగుతారు. ఆమె పలుకుతుంది కూడా.

ఆమెకు ఒక్కతే కూతురు. ఊళ్లోనే, నీళ్ల ఆఫీసులో ఉద్యోగం. ఎప్పుడు ఏ వీధికి నీళ్లు రావో, ఎందుకు రావో రాసి గోడల మీద అంటించే నోటీసులు రాయడం ఆ పిల్ల పని. ఆఫీసు బస్సెక్కితే ముప్పావు గంట దూరం. అయినా ఇద్దరి మధ్యా మాటలు లేక పద్నాలుగు నెలలైంది.

తప్పు ఆమెదే. ఎవరికీ చెప్పదు గానీ, ఆమెకు తెలుసు. ఒకరోజు కూతురు మూడు గంటలపాటు ఫోను ఎత్తలేదు.  ఆమె కుడుతున్న దిండు గలీబు మిషను మీదే వదిలేసి, దారిపొడుగునా ఆసుపత్రుల పేర్లన్నీ గుర్తుచేసుకుంటూ, తిన్నగా ఆ ఆఫీసుకి వెళ్లి, పదకొండు మంది ముందు "మా అమ్మాయి బతికే ఉందా?" అని అడిగింది. కూతురు మీటింగులో ఉంది. అంతటితో ఆగినా సరిపోయేది. పెద్దాఫీసరు మంచిగా కుర్చీ వేసి మంచినీళ్లిస్తే, ఆ మంచితనానికి కరిగిపోయి, "దీనికి చిన్నప్పుడు జ్వరమొస్తే ఫిట్స్ వచ్చేవండీ, కాస్త నీళ్ల దగ్గరికి పంపకండి" అని చెప్పి వచ్చింది. రిజర్వాయర్లూ పంపు గదులూ తిరిగి, అక్కడి సంగతులు రాసే కొత్త పని ఆ నెలలోనే కూతురికి రావాల్సి ఉంది. మర్నాడే దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ సాయంత్రం కూతురు అరవలేదు, అరిచినా బాగుండేది. "నువ్వు పట్టిన గొడుగు నా కళ్ల దాకా దిగిందమ్మా. నాకు దారి కనపడటం లేదు," అంది. "నేనే చేస్తాను ఫోను. నేను చేసేదాకా నువ్వు చెయ్యొద్దు. రావద్దు."

ఆమె చెయ్యలేదు, వెళ్లలేదు. ఫోను చూసి చూసి పెట్టేసేది, అంతే. ఆమెకు మిగిలినవి గోడల మీది నోటీసులే.

ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ మాటలు కుట్టేది. "ఒకవేళ పడిపోతేనో, ఒకవేళ బస్సు రాకపోతేనో" అని తల్లి మొదలెడితే, "అమ్మా, మళ్లీ అయితేనోలు తీశావా?" అనేది. అయితేనో అనే వస్తువు ఒకటి ఉన్నట్టూ, అమ్మ దాన్ని డబ్బాలో దాచి రోజుకు నాలుగు తీస్తున్నట్టూ. నీళ్ల ఆఫీసులో చేరాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. నీళ్లు రాని వేళలకు ఎండుగంటలు అని పేరు పెట్టింది. "మీ వీధి ఎండుగంటలు: గురువారం పది నుంచి రెండు." ఎండుగడ్డి ఉంది, ఎండుమిర్చి ఉంది, ఎండుగంట అంతకుముందు ఎక్కడా లేదు. కానీ ఎప్పటి నుంచో ఉన్నట్టే అనిపించింది. రెండు వేరువేరు ముక్కలు తెచ్చి, కుట్టు పైకి కనపడకుండా కలిపితే ఒక్క గుడ్డలా ఉంటుందే, అలా. ఆ పనితనం ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

ఆరు నెలలు తిరిగేసరికి కొట్లో, బస్టాపులో, మేడ మెట్ల మీద అదే మాట. "మీకు ఇవాళ ఎండుగంటలా?" "మావి అయిపోయాయి, మీవెప్పుడు?" ఒకసారి దుకాణంలో ఎవరో ఇల్లాలు, కోపంగా ఉన్న మొగుణ్ని చూపిస్తూ "ఆయనకివి ఎండుగంటలు, పలకరించొద్దు" అంటుంటే విని, ఆమె నవ్వాపుకోలేక బయటికొచ్చింది. ఆ మాట నా కడుపున పుట్టిన పిల్లది అని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాలనిపించింది. చెబితే, "అయితే మీ అమ్మాయి ఎలా ఉంది?" అని అడుగుతుంది కదా. అప్పుడేం చెప్పాలి?

అందుకని ఎవరికీ చెప్పకుండా, తేదీ దాటిన నోటీసుల్ని జాగ్రత్తగా ఊడదీసి, ఒక పాత గలీబులో దాచుకునేది. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. వేలు పెట్టి, పైకి చదవాలి. ఆదివారం మధ్యాహ్నాలు తలుపేసుకుని చదువుతుంటే, గొంతు తనదే అయినా మాట మాత్రం కూతురిది. గదిలో ఇంకో మనిషి ఉన్నట్టుండేది. చదివినకొద్దీ దిగులు కూడా పుట్టేది. "మీ వీధి పాత గొట్టానికి కీళ్లనొప్పులు. మూడు రోజులు ఓర్చుకోండి" అని వస్తే, దీనికేమైనా మోకాళ్లు నొస్తున్నాయా అని వారం రోజులు నిద్రలేదు. "చుక్కలు కారే కుళాయి దొంగలాంటిది కాదు, దొంగే" అని వస్తే, దాని గదిలో దొంగలు పడ్డారనుకుంది.

"గొట్టానికి నొప్పులంటే గొట్టానికే," అన్నాడు బాబాయి ఆ రోజు. "మన వాళ్లు గడియారానికి ముళ్లున్నాయంటే నువ్వు చెప్పులేసుకుని టైము చూస్తావా?"

"మనసులో లేనిది మాటలోకి ఎలా వస్తుంది బాబాయ్?"

సోమవారం పొద్దున్న కొత్త నోటీసు వచ్చింది. ఆసుపత్రి గేటు పక్క గోడ మీద, లాండ్రీ మెట్ల దగ్గర, రెండు చోట్లా అంటించి ఉంది.

"నిర్వహణ కారణముల దృష్ట్యా, ఈ నెల పద్దెనిమిదవ తేదీన నిర్ణీత సమయములో సదరు ప్రాంతమునకు నీటి సరఫరా నిలుపుదల చేయబడును. వినియోగదారులు సహకరించవలసినదిగా కోరడమైనది."

ఆమె వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది. మెట్ల మీంచే బాబాయిని కేకేసి పైకి పిలిచింది.

"చూడు. ఇది దాని చెయ్యి కాదు. చేయబడునట. ఎవరు చేస్తారు? కోరడమైనదట. ఎవరు కోరారు? ఇంత పొడుగు రాతలో ఒక్క మనిషి లేడు బాబాయ్."

"సెలవు పెట్టి ఉంటుందిలే."

"ఎందుకు పెడుతుంది? పెళ్లి చేసుకున్నా నాకు చెప్పదు, జబ్బు చేసినా చెప్పదు. ఉద్యోగం పోయిందేమో. ఊరే వదిలేసిందేమో."

"పోయి చూసి రావచ్చు కదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఆ గడప తొక్కితే కూతురు జన్మలో మాట్లాడదు. తొక్కకుండా ఉంటే, ఏదైనా అయి ఉంటే, ఎలా తెలుస్తుంది? మూడు రోజులు ఆ రెండింటి మధ్యే నలిగింది. వచ్చేప్పుడు ఒకసారి, పోయేప్పుడు ఒకసారి, మధ్యాహ్నం అన్నం మానేసి ఒకసారి ఆ నోటీసు చదివింది. ఎక్కడైనా ఒక్క ముక్క, పొరపాటున జారిన ఒక్క ముక్క కూతురిది దొరుకుతుందేమోనని, ప్రతి మాటనీ గుడ్డ తిరగేసినట్టు తిరగేసి చూసింది. దొరకలేదు.

పద్దెనిమిదో తేదీ గురువారం. పదింటికి, తొట్ల నిండా దుప్పట్లు సబ్బునీళ్లలో ఉండగా, కుళాయి ఒకసారి దగ్గి ఆగిపోయింది. వార్డులకు మేడ మీద ట్యాంకులున్నాయి గానీ లాండ్రీకి వీధి గొట్టమే దిక్కు.

"నీళ్లు ఆగుతాయని ఎవరికీ తెలీదా?" అని లబలబలాడింది ఉతికే వదిన, మోచేతుల దాకా నురగతో. "రంగు పోతుంది. పోగు చివికిపోతుంది. సాయంత్రానికి వార్డుల్లో ఏం పరుస్తారు?"

"మెట్ల దగ్గర నోటీసుంది కదా," అన్నాడు బాబాయి.

"అది నోటీసా? ఏదో కోర్టు కాగితమనుకున్నాను. ఎండుగంటలని ఎక్కడా లేదే దాంట్లో?" అని వదిన ఆమె వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పాలి కదా ముందుజాగ్రత్తా. రోజుకు మూడుసార్లు దాని ముందు నిలబడ్డావు."

 నిజమే. గాలి వీస్తే కిటికీ పడుతుందేమో, దారం లాగితే వేలు తెగుతుందేమో అని ఆలోచించే మనిషి, అన్నిసార్లు చదివి కూడా, నీళ్లు ఆగుతాయన్న సంగతే చూడలేదు. కూతురి కోసం వెతుకుతూ కూతురు చేసే పనిని చూడలేదు. ఇవాళ కాదు, పద్నాలుగు నెలల క్రితం ఆ ఆఫీసుకి పరిగెత్తిన రోజు కూడా ఇంతే కదా అనిపించి, స్టూలు మీద కూర్చుండిపోయింది.

కాసేపటికి లేచి, మెట్ల దగ్గరి నోటీసు ఊడదీసుకొచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో ఫోను నంబరుంది. సందేహాలకు, ఫిర్యాదులకు.

"ఇది కూతురికి ఫోను చెయ్యడం కిందికి వస్తుందా బాబాయ్?"

బాబాయి నింపాదిగా ఆలోచించాడు. "దుప్పట్లు పాడయ్యాయా?"

"పాడయ్యాయి."

"అయితే దుప్పట్ల కోసం చెయ్యి. వేరే ఏదీ అడగకు. ఆరోగ్యం, తిండీ, ఏదీ."

గోడకున్న ఆసుపత్రి ఫోనులో నంబరు నొక్కింది. ఎవరో మగాయన ఎత్తాడు. నోటీసు సంగతని చెబితే, "రాసేవాళ్లకే కలుపుతా, ఉండండి" అన్నాడు. క్లిక్కుమంది.

"నోటీసుల విభాగం. చెప్పండి."

ఉంది. బతికే ఉంది, ఉద్యోగంలోనే ఉంది, గొంతు కొంచెం బొంగురుగా ఉంది. జలుబు చేసిందా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఆసుపత్రి లాండ్రీ నుంచండీ," అంది. "ఈసారి నోటీసు మా వాళ్లకి అర్థం కాలేదు. పాతవి అర్థమయ్యేవి. ఎందుకు మార్చారో కనుక్కుందామని."

 కూతురు అచ్చం ఆఫీసు గొంతుతో, "పాతవి వెటకారంగా ఉన్నాయని ఎవరో రాశారండీ. ముందున్న పద్ధతిలోనే రాయమని పైనుంచి చెప్పారు. రాశాను," అంది.

"వాళ్లకేం తెలుసండీ," అంది ఆమె. "మీ ఎండుగంటలు మా గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్నాం. ఆ మాట చూస్తే తొట్లో ఎవరూ గుడ్డ వెయ్యరు. ఏడాది నుంచి ఒక్క దుప్పటి పాడవ్వలేదు. ఇవాళ పాడయ్యాయి. ఈ సంగతి మీ పైవాళ్లకి కాగితం మీద రాసిస్తాను. నాకు పెద్దగా రాయడం రాదు. అయినా రాస్తాను."

ఫోనులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. బాబాయి ఇస్త్రీపెట్టె పైకెత్తి, దించడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఇక పెట్టెయ్యాలి. చెప్పాల్సింది అయిపోయింది. కానీ చెయ్యి రాలేదు.

"మీ నోటీసు నేను మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు చదివాను," అంది, గొంతు తగ్గించి. "అయినా నీళ్లు ఆగుతాయని నాకు తట్టలేదు. నేను నీళ్ల కోసం చదవలేదు."

అవతల ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దూరంగా ఎవరినో పిలిచారు, ఎవరూ పలకలేదు. ఆమె ఏమీ అడగలేదు. కిటికీలోంచి ఒక జత చెప్పులు ఇటు నుంచి అటు వెళ్లాయి, తర్వాత ఒక చక్రాల కుర్చీ, తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. లైను తెగిందేమో అనుకుంది. తెగినా సరే, తను మాత్రం పెట్టకూడదు అనుకుంది. ఫోనుని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఎన్ని దుప్పట్లు పాడయ్యాయమ్మా?" అంది కూతురు.